ఆన్‌లైన్ టీచర్ ట్రైనింగ్: ఫీజు కట్టే ముందు ఆలోచిద్దాం

వేసవి సెలవులు ముగిసే సమయానికి మన సంఘాల్లోని యువతీ యువకుల నుండి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, ఆన్‌లైన్‌లో టీచర్ ట్రైనింగ్ చేస్తే ఉద్యోగం వస్తుందా?" అడిగేవారు పదో తరగతి తప్పినవాళ్ళు కాదు. డిగ్రీ చదివి గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చున్న చెల్లెళ్ళు, బెంగళూరులో డెలివరీ బండి నడుపుతున్న తమ్ముళ్ళు, పెళ్ళయి పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చాక మళ్ళీ ఏదైనా చేద్దామనుకుంటున్న అక్కలు. ఫోనులో ఒక ప్రకటన కనబడుతుంది. "ఇంటి నుండే ఆరు నెలల్లో టీచర్ అవ్వండి. సీట్లు పరిమితం. ఈ రోజే ఫీజు కడితే సగం రాయితీ." ఆశ పుడుతుంది. ఆ ఆశను మేము తప్పు పట్టం. అయితే దాని మీద వ్యాపారం జరుగుతున్నప్పుడు మాట్లాడకుండా ఉండటం తప్పు. అందుకే ఈ నెల సంపాదకీయం ఈ విషయానికే కేటాయిస్తున్నాం.

పేరేసంద్ర వంటి ఊరిని తీసుకుందాం. బెంగళూరు నుండి హైదరాబాదు వెళ్ళే రహదారి మీద, చిక్కబళ్ళాపురానికీ బాగేపల్లికీ మధ్యలో, గుడిబండకు దారి చీలే చోట ఉంది. 2007లో కోలారు నుండి విడిపోయి ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో బాగేపల్లి, చింతామణి వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారు చాలా ఎక్కువ. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఉద్యోగానికి ఇంగ్లీషు. జీవనదులు లేని జిల్లా, బోర్ల మీద బతికే వ్యవసాయం. ద్రాక్ష, పూలు, మల్బరీ వేసినవాళ్ళకు కొంత దారి ఉంది. భూమి లేనివాళ్ళకు బెంగళూరు బస్సే దిక్కు. తెల్లవారుజామున ఎక్కి రాత్రికి దిగే ఆ ప్రయాణంలో యువత ఆరోగ్యం, చదువు మీద ఉన్న ఇష్టం రెండూ అరిగిపోతున్నాయి. అలాంటివారికి ఊళ్ళోనే ఉంటూ గౌరవంగా చేసుకునే పని టీచరు పని. కాబట్టి ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక కుటుంబం దాచుకున్న డబ్బు, ఒక మనిషి జీవితంలో రెండు మూడు సంవత్సరాలు దీనితో ముడిపడి ఉన్నాయి.

పైగా ఇది మన చరిత్రతో ముడిపడిన వృత్తి. తెలుగు పల్లెల్లో మాల మాదిగ వాడలకు మొదట బడి వచ్చింది చాలా చోట్ల ఉపదేశి ద్వారానే. వారం రోజులు పలక మీద అక్షరాలు దిద్దించి ఆదివారం వాక్యం చెప్పిన మనిషి ఆయన. ఊరి బడి అరుగు మీదికి కూడా రానివ్వని పిల్లలకు అక్షరం ముట్టించింది ఆ పంతులూ, పంతులమ్మలే. సావిత్రీబాయి ఫూలే 1848లో పూణేలో బాలికలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టే ముందు తానే శిక్షణ పొందారని ఆమె జీవిత చరిత్రలు చెబుతాయి. అహ్మద్‌నగర్‌లో మిషనరీ ఉపాధ్యాయురాలు సింథియా ఫరార్ దగ్గర, పూణేలో నార్మల్ స్కూలులో ఆమె బోధన నేర్చుకున్నారు. అంటే బడికి దూరంగా ఉంచబడిన వర్గాలు టీచరు ఉద్యోగాన్ని కేవలం జీతంగా చూడలేదు, విడుదలకు దారిగా చూశాయి. శిక్షణను కూడా ఆ కళ్ళతోనే చూడాలని మా మనవి.

చట్టం ఏమి అడుగుతోంది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలవుతోంది. ఆ చట్టంలోని 23వ సెక్షను ప్రకారం ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి కనీస అర్హత ఉండాలి. ఆ అర్హతను నిర్ణయించేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. ఒకటి నుండి ఐదు తరగతులకు ఇంటర్ లేదా పీయూసీ తర్వాత చేసే రెండేళ్ళ డీఎల్‌ఎడ్ ప్రధానమైన దారి. ఆ పై తరగతులకు డిగ్రీ, బీఎడ్. 2014 నిబంధనల తర్వాత బీఎడ్ కూడా రెండేళ్ళదైంది. అందులో ఇరవై వారాలు బడిలో అనుభవం గడించాలి. వీటికి తోడు టెట్ పాసు కావాలి.

బీఎడ్ ఉంటే చిన్న తరగతులకు కూడా సరిపోతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ అలాంటి ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. చిన్న పిల్లలకు బోధించడం వేరే నైపుణ్యం, దానికి వేరే శిక్షణ ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. ఈ మధ్యకాలంలో ఉద్యోగాల్లో చేరిన బీఎడ్ వాళ్ళ కోసం ఆరు నెలల బ్రిడ్జి కోర్సు ఏర్పాటు చేశారు. అది అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి మాత్రమే. "ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే ప్రైమరీ టీచరు కావచ్చు" అని కొత్తవారికి ఎవరైనా చెబితే, ఆ మాట నమ్మవద్దు.

మరి ఆన్‌లైన్ మాటేమిటి? దూరవిద్యలో బీఎడ్ ఉంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) నడుపుతోంది. కానీ అందులో చేరాలంటే ఇప్పటికే శిక్షణ పొంది ఎలిమెంటరీ స్థాయిలో పనిచేస్తున్న టీచరై ఉండాలి, లేదా గుర్తింపు పొందిన ఉపాధ్యాయ శిక్షణను కాలేజీకి వెళ్ళి పూర్తి చేసినవారై ఉండాలి. డిగ్రీ మాత్రమే ఉండి, వేరే పనిలో ఉండి, కొత్తగా ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి ఆ తలుపు తెరుచుకోదు. ప్రకటనలు దాచిపెట్టే అసలు విషయం ఇదే. దూరవిద్య బీఎడ్ టీచరును మరింత మంచి టీచరును చేయడానికి పెట్టింది. టీచరు కానివారిని టీచరు చేయడానికి కాదు.

పదమూడు లక్షల మంది అనుభవం

మన దేశంలో అతి పెద్ద ఆన్‌లైన్ ఉపాధ్యాయ శిక్షణ ఏమిటని అడిగితే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) నడిపిన డీఎల్‌ఎడ్ అని చెప్పాలి. విద్యా హక్కు చట్టం వచ్చినప్పుడు శిక్షణ లేని టీచర్లకు ఐదేళ్ళ గడువు ఇచ్చారు. అది 2015 మార్చితో ముగిసింది. లక్షలమంది మిగిలిపోయారు. 2017లో చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 వరకు చివరి అవకాశం ఇచ్చారు. ఆ లోపు అంతమందికి కాలేజీల్లో సీట్లు ఎక్కడివి? అందుకే స్వయం అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా, స్వయంప్రభ టీవీ ఛానళ్ళ ద్వారా పాఠాలు పెట్టి, దగ్గరలోని కేంద్రాల్లో తరగతులు నడిపి, పద్దెనిమిది నెలల్లో కోర్సు పూర్తి చేయించారు. 13 లక్షలకు పైగా టీచర్లు నమోదయ్యారు. వారిలో ఎక్కువమంది చిన్న చిన్న ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి పనిచేసేవాళ్ళు. పగలు పాఠం చెప్పి రాత్రి ఫోనులో పాఠం విన్నవాళ్ళు.

ఆ తర్వాత ఏమైంది? సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తే ఇది రెండేళ్ళ కోర్సు కాదు గనుక చెల్లదన్నారు. వివాదం కోర్టులకెక్కింది. పాట్నా హైకోర్టు 2020 జనవరిలో వారికి అనుకూలంగా చెప్పింది. 2023 నవంబరు 28న సుప్రీంకోర్టు పద్దెనిమిది నెలల కోర్సు రెండేళ్ళ డిప్లొమాతో సమానం కాదంది. మళ్ళీ 2024 డిసెంబరులో అదే న్యాయస్థానం వివరణ ఇస్తూ, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి గడువులోపు కోర్సు పూర్తి చేసినవారికి ఆ అర్హత చెల్లుతుందని చెప్పింది. ఇలా ఐదారు సంవత్సరాలు ఒక కాగితం విలువ ఎంతో తెలియకుండానే గడిచిపోయాయి. ఈలోగా కొందరికి వయోపరిమితి దాటిపోయింది.

ఇందులో తప్పు ఆన్‌లైన్ పాఠాలది కాదు. ప్రభుత్వమే పెట్టిన కోర్సు, ప్రభుత్వ సంస్థే ఇచ్చిన సర్టిఫికెట్. అయినా ఎవరి కోసం పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న షరతు దగ్గర చిక్కు పడింది. ప్రభుత్వ కోర్సుకే ఈ గతి పట్టినప్పుడు, పేరు వినని సంస్థ వాట్సాప్‌లో అమ్మే కోర్సు సంగతి వేరే చెప్పాలా?

కర్ణాటకలో ఉన్నవారికి మరో అనుభవం గుర్తుండే ఉంటుంది. మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం 1996 నుండి ఎంతోమంది పేదలకు డిగ్రీ దారి చూపింది. అయితే రాష్ట్రం వెలుపల కేంద్రాలు తెరవడం, నిబంధనలకు విరుద్ధంగా కోర్సులు నడపడం వంటి కారణాలతో 2013-14 నుండి దానికి గుర్తింపు లేదని యూజీసీ 2015లో ప్రకటించింది. తిరిగి గుర్తింపు వచ్చింది 2018లో. మధ్యలో చేరిన విద్యార్థులు ఎక్కని మెట్టు లేదు, పెట్టని అర్జీ లేదు. కాబట్టి పెద్ద పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఈ సంవత్సరం, ఈ కోర్సుకు, ఈ పద్ధతిలో గుర్తింపు ఉందా అన్నది చూసుకోవాలి.

అంగట్లో అమ్ముతున్న ఆశ

ఇప్పుడు మన ప్రాంతంలో ఎక్కువగా వినబడే మూడు రకాల బేరాల గురించి చెప్పుకుందాం.

మొదటిది ఎన్‌టీటీ, మాంటిస్సోరి పేర్లతో నడిచే ఆన్‌లైన్ డిప్లొమాలు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఆటపాటలతో ఎలా నేర్పాలో వీటిలో కొన్ని బాగానే నేర్పుతాయి. ప్రైవేటు నర్సరీ బడుల్లో పని దొరకడానికి కొంత ఉపయోగపడవచ్చు. కానీ ప్రభుత్వ టీచరు నియామకానికి ఇవి అర్హత కావు. ప్రీస్కూలు శిక్షణలో ఎన్‌సీటీఈ గుర్తించేది డీపీఎస్‌ఈ అనే డిప్లొమాను. ప్రకటనలో "ప్రభుత్వ గుర్తింపు" అని రాసి ఉన్నా, ఏ ప్రభుత్వం, ఏ శాఖ, దేనికి గుర్తింపు అని అడగండి. సంస్థను సొసైటీగా రిజిస్టరు చేసుకోవడం వేరు, కోర్సుకు గుర్తింపు ఉండటం వేరు.

రెండవది విదేశాల్లో ఇంగ్లీషు బోధించడానికంటూ అమ్మే నూట ఇరవై గంటల సర్టిఫికెట్లు. ఇంగ్లీషు బాగా వచ్చి, ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పుకోవాలనుకునేవారికి కొంత మెళకువ వస్తుంది. మన బడుల్లో టీచరు ఉద్యోగానికి మాత్రం బీఎడ్‌కు బదులుగా పనికిరాదు.

మూడవది అన్నిటికంటే చెడ్డది. "నాన్-అటెండింగ్ బీఎడ్". కాలేజీకి వెళ్ళనక్కరలేదు, హాజరు వాళ్ళే వేసుకుంటారు, పరీక్షకు వెళ్తే చాలు. సరిహద్దు జిల్లాల్లో ఈ బేరానికి మధ్యవర్తులు కూడా ఉన్నారు. దీన్ని కొందరు "ఇది కూడా ఆన్‌లైన్ లాంటిదే" అని సమర్థించుకుంటున్నారు. కాదు. ఆన్‌లైన్‌లో పాఠమైనా వింటారు. ఇందులో అదీ లేదు. అబద్ధపు హాజరుతో సంపాదించిన పట్టాతో పిల్లల ముందు నిలబడి "హాజరు" అని ఎలా పిలుస్తాం? రేపు తనిఖీలో బయటపడితే కాలేజీ యజమాని తప్పించుకుంటాడు, పట్టా పట్టుకున్న మన బిడ్డ దొరుకుతాడు. సంఘ పెద్దలు ఈ విషయంలో చూసీచూడనట్టు ఉండకూడదు.

ఆన్‌లైన్ దేనికి మంచిది?

ఇంత చెప్పాక ఆన్‌లైన్ వద్దనడం మా ఉద్దేశం అనుకోకండి. రాత్రి పది తర్వాత, పిల్లలు నిద్రపోయాక, పని ముగిశాక చదువుకోగల వీలు ఆడపిల్లలకు ఇంతకు ముందు ఎన్నడూ లేదు. దాన్ని సరైన చోట వాడుకోవాలి.

టెట్‌కు సిద్ధపడటానికి ఆన్‌లైన్ చాలా మంచిది. నూట యాభై ప్రశ్నలు, నూట యాభై మార్కులు. అందులో శిశు వికాసం, బోధనా పద్ధతులు అనే భాగానికి ముప్పై. ఈ పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. టెట్ సర్టిఫికెట్ గడువు ఏడేళ్ళు అన్న నిబంధనను 2021లో తీసివేసి జీవితకాలం చెల్లేలా చేశారు కాబట్టి ఒకసారి పాసైతే అది మీదే.

పనిలో ఉన్న టీచరు మెరుగుపడటానికి కూడా ఆన్‌లైన్ బాగా పనికివస్తుంది. కేంద్ర ప్రభుత్వపు దీక్షా వేదికలో కోర్సులు ఉచితం. నిష్ఠ అనే జాతీయ శిక్షణను 2020లో కరోనా కాలంలో ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతోనే. సీబీఎస్‌ఈ బడుల్లో టీచర్లు ఏడాదికి యాభై గంటల శిక్షణ పొందాలి. ఇందులో ఆన్‌లైన్ కోర్సులూ ఉంటాయి.

ఈ వృత్తి మనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇది మంచి సాధనం. రెండేళ్ళు, బోలెడంత డబ్బు పెట్టే ముందు స్వయం వేదికలో ఒక ఉచిత కోర్సు చేసి చూడండి. దానితో పాటు ఊళ్ళో నలుగురు పిల్లలను కూర్చోబెట్టి నెల రోజులు చదువు చెప్పండి. భాగహారం మూడోసారి చెప్పినా అర్థం కాని పిల్లవాడి దగ్గర మీకు విసుగొస్తుందా, నాలుగో దారి వెతకాలనిపిస్తుందా? రెండోది అయితే మీరు ఈ పనికి వచ్చేవారే.

ఆ నాలుగో దారి మాత్రం వీడియోలో దొరకదు. నలభై మంది పిల్లలున్న గదిలో వెనుక బెంచీ వాణ్ణి ఎలా పలకరించాలి, ఆకలితో వచ్చిన పిల్లను ఎలా గుర్తుపట్టాలి, ఒకరి పక్కన ఒకరు కూర్చోమని చెప్పినప్పుడు కులం పేరుతో ముఖం చిట్లించే బిడ్డతో ఏమి మాట్లాడాలి, ఇవి అనుభవం ఉన్న టీచరు పక్కన నిలబడి నేర్చుకునేవి. ఇరవై వారాల బడి అనుభవం అందుకే పెట్టారు.

సరిహద్దు బిడ్డల భాష

పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల యువతకు ఒక ప్రత్యేకమైన బలం ఉంది. అది వారికే తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరేళ్ళ బిడ్డ కన్నడ బడిలో మొదటి రోజు కూర్చున్నప్పుడు, రెండు భాషలూ వచ్చిన టీచరు ఉంటే ఆ బిడ్డ బతికిపోతుంది. ఒక మాట తెలుగులో చెప్పి, మెల్లగా కన్నడంలోకి నడిపించే టీచరు అక్కడ కావాలి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణలో 1956లోనే రాసుకున్నాం. చాలా బడుల్లో అది కాగితం మీదే ఉంది. రెండు భాషల టీచరు ఆ లోటును కొంతైనా పూడ్చగలడు.

ఇదే నేల నుండి డాక్టర్ హెచ్. నరసింహయ్య వచ్చారు. 1920లో గౌరిబిదనూరు దగ్గరి హోసూరులో పేద కుటుంబంలో పుట్టి, చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్ళి, భౌతికశాస్త్ర అధ్యాపకుడై, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. వెనక్కి తిరిగి చూసి గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు నిలబెట్టారు. హేతువాదిగా పేరుపొందిన ఆయన నమ్మకాలు మనవి కాకపోవచ్చు. పల్లె బిడ్డల చదువు పట్ల ఆయన పడిన శ్రమ నుండి మనం నేర్చుకోవలసింది మాత్రం చాలా ఉంది.

ఒక ఆచరణ విషయం చెప్పాలి. తెలుగువాళ్ళమే గదా అని మన సరిహద్దు యువత ఆంధ్రప్రదేశ్ డీఎస్సీ వైపు ఆశగా చూస్తున్నారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చిన మాట నిజమే. కానీ అక్కడ 80 శాతం పోస్టులు స్థానికులకే. కర్ణాటకలో చదివినవారు స్థానికేతరులవుతారు. అందుచేత కన్నడం రాయడం, చదవడం బాగా నేర్చుకుని కర్ణాటక టెట్, కర్ణాటక నియామకాల మీద దృష్టి పెట్టడం మంచిది. 2022లో అక్కడ ఆరు నుండి ఎనిమిది తరగతుల కోసం 15,000 పోస్టులు ప్రకటించారు. శక్తి పథకం 2023 జూన్ 11న మొదలయ్యాక కర్ణాటక ఆడపిల్లలకు సాధారణ బస్సుల్లో టికెట్ లేదు. చిక్కబళ్ళాపురం వరకు వెళ్ళి రెగ్యులర్ కోర్సు చదవడానికి బస్సు ఖర్చు ఇక అడ్డం కాదు.

న్యాయం గురించి రెండు మాటలు

టెట్ అందరికీ ఒకే పరీక్ష. పాసు మార్కులు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40. అంటే 150కి 90, 75, 60. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు, బీసీ-సి. ఒకే వాడలో, ఒకే గోడకు అటూ ఇటూ పుట్టిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళ బిడ్డల మధ్య పదిహేను మార్కుల తేడా వచ్చింది. వాడ మారలేదు, ఊరివాళ్ళు చూసే చూపు మారలేదు, ప్రార్థన చేసే చోటు మాత్రం మారింది. దీని మీద మన పోరాటం కొనసాగుతుంది. అంతవరకు మన పిల్లలు ఆ 75 మార్కులనే గురిగా పెట్టుకుని చదవాలి. దరఖాస్తులో ఏ సర్టిఫికెట్ పెట్టాలో ముందే తెలుసుకోవాలి.

రెండో మాట మన సొంత బడుల గురించి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఉద్యోగంలో ఉన్న టీచర్లలో పదవీ విరమణకు ఐదేళ్ళకు పైగా ఉన్నవారు రెండేళ్ళలో టెట్ పాసు కావాలంది. మైనారిటీ బడులకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి నివేదించింది. 2014 నాటి ప్రమతి తీర్పు మైనారిటీ బడులకు విద్యా హక్కు చట్టం నుండి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ఉంటుందా పోతుందా అని మన యాజమాన్యాలు ఆందోళన పడుతున్నాయి. మా ప్రశ్న వేరు. మినహాయింపు ఉన్నంత మాత్రాన శిక్షణ లేని టీచరును తక్కువ జీతానికి పెట్టుకోవడం మన హక్కా? రాజ్యాంగంలోని 30వ అధికరణ మనకు బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. పిల్లలకు తక్కువ రకం చదువు ఇచ్చే హక్కు ఇవ్వలేదు. పనివాడి కూలి బిగబట్టడం గురించి యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో ఎంత కఠినంగా హెచ్చరించాడో మన పాఠశాల కమిటీలు ఒకసారి చదువుకోవాలి. బీఎడ్ చేసి, టెట్ పాసై వచ్చిన మన సంఘపు బిడ్డకు మన బడే న్యాయమైన జీతం ఇవ్వకపోతే ఇక ఎవరిని అడుగుతాం?

ఏమి చేద్దాం?

యువతీ యువకులారా, డబ్బు కట్టే ముందు ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని జవాబు దొరికాకే ముందుకు వెళ్ళండి. ఒకటి, నేను ఏ తరగతి పిల్లలకు బోధించాలనుకుంటున్నాను? రెండు, ఆ తరగతికి చట్టం అడిగే కోర్సు ఇదేనా? మూడు, ఈ కాలేజీ పేరు, ఈ కోర్సు ఎన్‌సీటీఈ జాబితాలో ఉందా? దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఈ సంవత్సరానికి ఉందా? నాలుగు, నాలాంటివారు, అంటే ఇంతకు ముందు టీచరు కానివారు, ఇందులో చేరడానికి అర్హులేనా? ఐదు, బడిలో బోధనా అనుభవం ఎక్కడ, ఎన్ని వారాలు? ఐదింటిలో ఒక్కదానికి "తర్వాత చూద్దాం" అని జవాబొచ్చినా ఫీజు కట్టకండి.

డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఎడ్‌సెట్ రాయాలి. కర్ణాటకలో ప్రభుత్వ కోటా సీట్లను డిగ్రీ మార్కుల ఆధారంగా కేంద్రీకృతంగా ఇస్తారు. ఉన్న పని ఒక్కసారిగా మానేయకండి. ఫీజు, రెండేళ్ళ ఇంటి ఖర్చు లెక్కవేసుకోండి. అతిథి ఉపాధ్యాయ పోస్టులు ప్రారంభానికి మంచివే కానీ వాటికి వేసవిలో జీతం ఉండదని గుర్తుంచుకోండి.

సంఘాలకు మా విన్నపం. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే మందిరపు గదిలో ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టండి. ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది అన్న చేతిలో ఉంటే చెల్లెలు పాఠం ఎలా వింటుంది? ఆమె కోసం ఆ గది తెరవండి. అన్ని మతాల పిల్లలనూ రానివ్వండి. రిటైరైన టీచర్లు మన సంఘాల్లో ఎంతమంది లేరు? శనివారం రెండు గంటలు వారు టెట్ చెబితే, ఆ సాయంత్రమే మన అభ్యర్థులు ఊరి పిల్లలకు ట్యూషన్ చెప్పి అనుభవం సంపాదించుకోవచ్చు. కట్నాలకూ ఆర్భాటపు పెళ్ళిళ్ళకూ పెట్టే డబ్బులో కొంత తీసి ఏడాదికి ఒక ఆడపిల్ల బీఎడ్ ఫీజు కట్టగల శక్తి చాలా సంఘాలకు ఉంది.

ప్రభుత్వాలను కూడా అడుగుదాం. పని చేసుకుంటూ ఈ వృత్తిలోకి రావాలనుకునే పెద్దవాళ్ళకు పాఠాలు ఆన్‌లైన్‌లో, అభ్యాసం దగ్గరి ప్రభుత్వ బడిలో ఉండేలా ఒక నమ్మదగిన కోర్సు పెట్టండి. నోటిఫికేషన్ ఇచ్చే రోజే ఆ సర్టిఫికెట్ ఏ ఉద్యోగానికి చెల్లుతుందో, ఎవరికి చెల్లదో తేటగా రాయండి. పదమూడు లక్షల మందిని కోర్టు మెట్లు ఎక్కించిన పొరపాటు మళ్ళీ చేయకండి.

టీచరు కావాలనుకునే ప్రతి తమ్ముడికీ, ప్రతి చెల్లెలికీ మేము చెప్పేది ఇదే. మీ కోరిక మంచిది, అందులో వెనకడుగు వేయకండి. దారి మాత్రం కొంచెం పొడవైనదే. ఆరు నెలలని చెప్పేవాళ్ళ మాట విని రెండేళ్ళు పోగొట్టుకోవడం కంటే, మొదటే రెండేళ్ళకు సిద్ధపడి మొదలుపెట్టడం మేలు. పేరేసంద్ర దగ్గర ఏదో ఒక బడిలో ఒక బిడ్డ తన ఇంటి మాటలో "అక్కా, అర్థం కాలేదు" అని అడిగితే, ఆ మాట అర్థమయ్యే టీచరు అక్కడ ఉండాలి. ఆ టీచరు మీరే కావాలని మా ఆశ, మా ప్రార్థన.